పద్నాలుగో మంచం అభిప్రాయం

నమోదు 1

గోడ తెరల మీద పేజీలు మళ్ళీ మారాయి. నీళ్ళ బటన్ నిన్నటిదాకా ఎడమపక్క పైన ఉండేది, ఇవాళ కుడివైపు అడుగున ఊదారంగు వేసుకుని కూర్చుంది. గాలి తలుపు బటన్ ఒకటి కాస్తా రెండయింది. బియ్యం బటన్ వెతికేలోపు నా టీ చల్లారిపోయింది. దిద్దుడు మిషన్‌కు వేరే పనీపాటా లేదు. ఈ బొగ్గు బాయిలో ఎవరు ఏది ఎన్నిసార్లు నొక్కారో చూసుకుని, ఎక్కువ నొక్కింది పైకి, తక్కువ నొక్కింది కిందికి, ఎవరూ నొక్కనిది చెత్తలోకి. రోజూ పొద్దున పేజీ కొత్త మొహంతో వస్తుంది. దాన్ని గుర్తుపట్టడం మా ఖర్మ.

మా హాలు పని నక్ష రాయడం. నక్షలో ఒకవైపు పేరు, ఇంకోవైపు చోటు. 'నీళ్ళు పట్టు' అన్న పేరు ఎప్పటికీ అదే. ఆ పేరు బటన్ ఇవాళ పేజీలో ఎక్కడుందో, ఎలా ఉందో చూసి ఎదురుగా రాస్తాం. దాన్ని చెయ్యి చదువుకుంటుంది. చెయ్యి అంటే పరీక్ష మిషన్, అందరూ అలాగే పిలుస్తారు. అది షిఫ్టు షిఫ్టుకూ పేర్లన్నీ వరసగా పలికి, ఒక్కొక్క బటనూ నొక్కి, రావాల్సిన జవాబు వస్తే పచ్చ వెలిగిస్తుంది, రాకపోతే ఎరుపు. దానికి కళ్ళు లేవు. మేం ఏ చోటు చూపిస్తే అక్కడ నొక్కుతుంది.

మొదట్లో ఇది ఒట్టి పరీక్షే. తర్వాత తర్వాత చూపు పోయినవాళ్ళు, వేళ్ళు వంగనివాళ్ళు గోడ ముందు నిలబడి పేరు పలికితే, వాళ్ళ బదులు చెయ్యే నొక్కిపెట్టడం మొదలుపెట్టింది. బొగ్గు దుమ్ములో కళ్ళు, ఊపిరి పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఇంటికొకరున్నారు. పైన ఎండకు తాళలేక అందరం బాయిలోకి దిగి ఎన్నో ఏళ్ళయింది, దుమ్ము మాత్రం మమ్మల్ని వదల్లేదు.

నక్షలో ఏం మారిందో, ఎందుకు మారిందో ఈ చిట్టాలో రాయాలని రూలు. ఎవరూ చదవరని అందరికీ తెలుసు. అందుకే నేను నాకు తోచిందల్లా రాస్తాను. చదివి ఎవరైనా కోప్పడితే, కనీసం చదివారని సంతోషిస్తాను.

నమోదు 2

మా అక్క బుచ్చమ్మ ఊపిరి వార్డులో ఉంది. నేను ఇంట్లో కాలు పెట్టగానే మొదట చూసేది గోడ మీద పిలుపు దీపం. ఇవాళా వెలగలేదు.

వార్డులో ఊపిరికి బలమిచ్చే గట్టి గాలి నింపుతారు. తలుపు ఊరికే తెరిస్తే ఆ గాలి పోతుంది కాబట్టి లోపలికి ఎవరినీ పోనివ్వరు. అక్కడే ఉంటే ఇంకొన్నాళ్ళు ఎక్కువ బతుకుతారు. ఇంటికి వస్తే తక్కువ, కానీ మన మధ్య పోతారు. ఏది కావాలో రోగి తన నోటితో పేజీకి చెప్పాలి. అప్పుడే ఇంటివాళ్ళకు పిలుపు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, మంచం పట్టుకుని పోయి తెచ్చుకోవచ్చు. వెనకటికి ఇంటివాళ్ళు రమ్మని కొందరు, రావద్దని కొందరు రోగులను వేధించారట. అందుకని ఇప్పుడు బయటి మాట లోపలికి పోదు. మంచి రూలే. నా దాకా వచ్చేసరికి మంచిగా అనిపించడం లేదు.

పోయేటప్పుడు అక్క నా చెంప నిమిరి చెప్పిన మాట ఇది. "కొన్నొద్దులు చూస్త కనకం. ఆడ నాకు పొద్దుపోకుంటె పిలుస్త. పిలిచినంక ఆలస్యం చెయ్యకు, తెలిసిందా."

అసలు ఆ బటన్‌కు పేరు పెట్టింది మా అక్కే. హాల్లో కూర్చుని పేర్లు మేం పెట్టం. ఏ బటన్ ఎవరికి అవసరమో వాళ్ళను పిలిచి, వాళ్ళ నోట ఏ మాట వస్తే అదే పెడతాం. వార్డు పేజీలో దాని మీద 'నిష్క్రమణ అభ్యర్థన' అని రాసి ఉండేది. అక్క విని నవ్వింది. "ఊపిరాడనోడు గంత మాట ఏడంటడు సారూ. ఇంటికి తోల్కపోండ్రి అని పెట్టు, సాలు" అంది. ప్రభుదాస్ సార్, మా హాలు పెద్ద, అదే రాయించాడు.

అంత మాట నేర్పిన మనిషి ఇంతవరకు ఆ మాట పలకలేదంటే నాకు చిన్నతనంగా ఉంది. అక్కడే బాగుందేమో. నాతో పొద్దుపోవడం కంటే ఆ మంచం మేలనుకుందేమో.

నమోదు 3

ఈ చిట్టాలో కొన్నాళ్ళ కిందటి ముచ్చట ఒకటి రాయలేదు, రాయాలి. హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎరుపును తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పకూడదు. అప్పజెప్పినవాళ్ళు మర్నాడు అందరికీ బెల్లం టీ పోయాలి. టీ పోయడం కష్టం కాదు, పోస్తున్నంతసేపు పడే మాటలే కష్టం.

బటన్ దొరకనప్పుడు నక్ష తనంతట తానే 'దగ్గరి పోలిక' చూపిస్తుంది. ఇదీ అదీ ఒక్కలాగే ఉన్నాయి, ఇదేనా అని అడుగుతుంది. వెళ్ళి పేజీ తెరిచి చూసి ఒప్పుకోవాలి. షిఫ్టు అయిపోయే వేళకు ఎవరు చూస్తారు. ఒప్పుకుని లేచిపోతాం. నా పక్కన కూర్చునే యాకూబ్ అదే మాట అందరి ముందూ అన్నాడు.

"బాగా కలిసిన పోలికైతే నక్షనే ఒప్పుకోనీయండ్రి అక్కా. మనం గూడ సివరకు చేసేది గదే గద."

చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. నేను ముందే ఎత్తాను. పని తొందరగా తెమిలితే వార్డు అద్దం బయట కూర్చుని అక్కను ఎక్కువసేపు చూడవచ్చని నా ఆశ. అప్పటి నుంచి హాల్లో ఎరుపు కనబడలేదు, టీ పోసినవాళ్ళూ లేరు. ప్రభుదాస్ సార్ మురిసిపోయి అందరికీ పల్లీ పట్టీలు పంచాడు.

నమోదు 4

అద్దం దగ్గర కూర్చున్నాను. మందపాటి అద్దం, మాట అటూ ఇటూ పోదు. అక్కది పద్నాలుగో మంచం, అవతలి గోడ పక్కన. ఆమెకు చూపు సన్నగిల్లి చాలాకాలమైంది కాబట్టి నేను చెయ్యి ఊపినా ఊపకపోయినా ఒకటే. అయినా ఊపుతాను.

అక్క గోడవైపు తిరిగి ఏదో అంటుంది. అని ఆగుతుంది. తల కాస్త ఎత్తి తలుపువైపు చెవి పెడుతుంది. చాలాసేపు అలాగే ఉంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా ఉండి, మళ్ళీ దిండు మీద వాలుతుంది. కాసేపాగి మళ్ళీ అదే.

ఎవరి కోసం చూస్తుందో నాకు అర్థం కాలేదు. నర్సు మిషన్‌తో కబుర్లు పెట్టుకుందేమో. మా అక్క రాయితోనైనా స్నేహం చేయగలదు. గోడతో అన్ని మాటలు మాట్లాడే మనిషి, నన్ను రమ్మని ఒక్క మాట అనదు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళుమంటా వచ్చింది. లేచి వచ్చేశాను. రేపు పోను.

నమోదు 5

పోయాను. పోకుండా ఉండే మొహమా నాది.

దారిలో ఓదెలన్న ఎదురొచ్చాడు. వార్డుకు వండేది ఆయనే. వంటగది వార్డు గోడకు ఇవతల ఉంటుంది, అన్నం డబ్బాలు గొట్టంలో లోపలికి పోతాయి. ఇన్నేళ్ళలో ఆయన కూడా లోపలి మనిషి మొహం చూసింది లేదు. నన్ను చూసి మొహమాటంగా తల గోక్కున్నాడు.

"ఏమనుకోకు చెల్లె, ఒక ముచ్చట అడుగుత. మీ అక్కకు ఏం వండితె నచ్చుతదో జర చెప్పరాదు."

"ఎందుకన్నా?"

"పద్నాలుగో మంచం నుంచి అన్నం మీద అభిప్రాయం రాని రోజు లేదు. ఒక రోజున అయితే పొద్దంత వస్తనే ఉంటది. ఉప్పు తగ్గించిన, పులుపు పెంచిన. అన్నం మెత్తగ వండిన, పొడిగ వండిన. పప్పు మార్చిన, ఆకుకూర పెట్టిన. ఏం జేసినా మల్ల అభిప్రాయం. ఏమన్న తిట్టినా బాగుండు, ఏం మాట్లాడది. ఊకె ఊపిరి ఇనవడ్తది. వేరే మంచాల నుంచి గూడ గట్ల కొన్ని వస్తున్నయి గని, మీ అక్కంత పట్టుదల ఎవ్వలకు లేదు."

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత కాళ్ళు ఆగిపోయాయి. మా అక్క పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అన్నానికి వంక పెట్టిన మనిషి కాదు. ఉప్పు వేయడం నేను మరిచిపోయిన కూరను కూడా మారు మాట్లాడకుండా తిని, నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాక మొహం ముడిస్తే అప్పుడు నవ్వేది. ఆమె అన్నం గురించి ఒకసారి ఫిర్యాదు చేసిందన్నా నేను నమ్మను. రోజూ చేస్తుందంటే అది ఫిర్యాదు కాదు.

అద్దం దగ్గరికి పోలేదు. వెనక్కి తిరిగి హాలుకు పరుగెత్తాను.

నమోదు 6

వార్డు నక్ష తెరిచాను. 'అన్నం సంగతి చెప్పు' అన్న పేరు ఎదురుగా ఒక చోటు. 'ఇంటికి తోల్కపోండ్రి' అన్న పేరు ఎదురుగా కూడా అదే చోటు. రెండు పేర్లు, ఒక్క బటన్.

కూర్చుని జరిగింది జరిగినట్టు తీశాను. ఒక రోజు దిద్దుడు మిషన్ ఇంటికి పంపే బటన్‌ను రెండో పేజీలోకి జరిపింది. అది ఉన్న చోట అన్నం బటన్‌ను పెట్టింది. అదే సైజు, అదే రంగు, అదే మూల. నక్ష వెతికింది, దగ్గరి పోలిక దొరికింది, మేం చేతులెత్తి ఇచ్చిన అనుమతితో తనే ఒప్పుకుంది. పరీక్షలో ఎరుపు రాలేదు. పరీక్ష కోసం ప్రతి షిఫ్టుకూ నిజంగా ఒక రోగిని ఇంటికి పంపలేం కదా, అందుకని ఆ పేరుకు మేం చూసేది ఒక్క జవాబే, 'మీ మాట అందింది' అని. వార్డులో ఏ బటన్ నొక్కినా అదే జవాబు. చెయ్యి నొక్కింది, జవాబు వచ్చింది, పచ్చ వెలిగింది. అదే పచ్చను చూసి మేం పల్లీ పట్టీలు తిన్నాం.

రెండో పేజీలోకి పోయిన అసలు బటన్‌ను ఎవరూ నొక్కలేదు. నొక్కే చెయ్యి వేరేచోట నొక్కుతోంది మరి. ఎవరికీ అక్కర్లేదనుకుని దిద్దుడు మిషన్ దాన్ని తీసి పారేసింది. ఇప్పుడు వార్డు పేజీలో ఎక్కడా ఇంటికి పోయే బటనే లేదు.

ఓదెలన్న దగ్గరికి పోయి పద్నాలుగో మంచం అభిప్రాయాలు వినిపించమన్నాను. అన్నీ ఒకటే. బటన్ నొక్కాక గోడ కాసేపు వింటుంది కాబట్టి, ఆ కాసేపు మా అక్క ఊపిరి రికార్డయింది. గీరుకుంటూ లోపలికి, గీరుకుంటూ బయటికి. ఏమీ మాట్లాడదు. ఎందుకు మాట్లాడుతుంది? మాట అందిందని గోడ చెప్పింది. ఇక చెల్లెలు రావాలి. తలుపు చప్పుడు కోసం ఊపిరి బిగపట్టి వింటోంది.

అద్దం ఇవతల నేనున్నాను. నన్ను పిలవడం లేదని అలిగి కూర్చున్నాను.

నమోదు 7

ప్రభుదాస్ సార్ విని కుర్చీలో కూలబడ్డాడు. పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. జవాబు రావడానికి చాలా టైం పడుతుందని, అంతవరకు పేజీలో లేని బటన్‌ను తను నొక్కలేనని చెప్పాడు.

"తలుపు నేను తెరిపియ్యలేనమ్మ. వాళ్ళ నోట రావాలె, పేజీల పడాలె. అది తప్పితె నాకు వేరే తాళంచెవి లేదు."

"రోజూ వస్తనే ఉంది గద సార్, వాళ్ళ నోట."

"వచ్చింది అన్నం మీద అభిప్రాయం కింద పడ్డది. నాకు తెలుసు, నీకు తెలుసు. తలుపుకు తెలువది."

ఆయన మీద అరవాలనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను.

దారి చెప్పింది యాకూబ్. పొద్దున్నుంచి నా మొహం చూడలేక తల దించుకుని ఉన్నాడు. "ఆ మాట నేనే అన్న అక్కా" అన్నాడు. చెయ్యి నేనూ ఎత్తాను, నీ ఒక్కడిది కాదన్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, దిద్దుడు మిషన్‌కు ఇంకో లెక్క కూడా ఉందని గుర్తు చేశాడు. పేజీ ముందున్న మనిషి ఎవరైనా పేరు పలికి, దానికి బటన్ దొరక్కపోతే, 'అడిగారు, లేదు' అని రాసుకుంటుంది. అలా చాలాసార్లు పడితే బటన్‌ను తనే మళ్ళీ గీస్తుంది.

అంటే పేరు ఎదురుగా ఉన్న తప్పు చోటును తీసేయాలి. ఖాళీ పెట్టాలి. లోపలివాళ్ళు అడిగినప్పుడు ఏ జవాబూ రాకూడదు. ఒక్క ఓదార్పు మాట వేసినా మిషన్ దాన్ని జవాబు కింద లెక్కేస్తుంది, లేదని రాసుకోదు.

"ఏం ఇనవడకపోతె ఇంక అడుగుడు బంద్ చేస్తరేమో" అన్నాను.

"కొందరు చేస్తరు. కొందరు ఇంక గట్టిగ అడుగుతరు. వేరే తొవ్వ లేదక్కా."

నేనే ఖాళీ చేశాను. వేరే ఎవరి చేత్తోనూ చేయించాలనిపించలేదు.

నమోదు 8

'ఇంటికి తోల్కపోండ్రి' ఎరుపు. షిఫ్టుల మీద షిఫ్టులు ఎరుపే అప్పజెబుతున్నాం. టీ ఎవరూ అడగలేదు.

అద్దం దగ్గర కూర్చున్నాను. అక్క గోడవైపు తిరిగి పలికింది. ఆగింది. జవాబు రాలేదు. తల ఎత్తి గోడ మీద అరచేయి పెట్టి తడిమింది, గోడ ఉందో లేదో అన్నట్టు. మళ్ళీ పలికింది. ఈసారి పెదాలు పెద్దగా కదిలాయి. ఎంత ఊపిరి ఖర్చయిందో నాకు తెలుసు, మెడ నరాలు ఇక్కడికి కనిపించాయి. జవాబు రాలేదు. మూడోసారి పలకబోయి నోరు మూసుకుంది.

తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నేను లేచి వచ్చేసేదాకా తీయలేదు.

ఇంకొక్కసారి అడుగక్కా, నీకు దండం పెడతా, ఒక్కసారి అడుగు. అద్దానికి నోరు ఆనించి అన్నాను. అద్దం మీద తేమ పట్టింది, అంతకంటే ఏమీ కాలేదు. అబద్ధపు జవాబు ఇచ్చినన్నాళ్ళూ నమ్మి అడిగింది. ఇప్పుడు మేం తప్పు దిద్దాం, ఆమెకు మాత్రం నేను రానని చెప్పేసినట్టయింది.

నమోదు 9

బటన్ వచ్చింది. పేజీ మధ్యలో, అన్నిటికంటే పెద్దగా. వేరే మంచాలవాళ్ళు వదలకుండా అడిగారు. నక్షలో చోటు నా కళ్ళతో చూసి రాశాను. లోపలి నుంచి మొదట అడిగినవాళ్ళ పిలుపు ఏ ఇంటికి పోయిందో ఆ ఇంటిదాకా నడిచి వెళ్ళి చూసి వచ్చాను. పోలికను నక్ష తనంతట తాను ఒప్పుకునే పద్ధతిని హాల్లో తీసేశాం. ఈసారి చేతులెత్తమని ఎవరూ అడగలేదు.

గల్లీల్లో మంచాలు మోసుకుంటూ మనుషులు. ఒకాయన భార్యను తెచ్చుకుంటూ నన్ను గుర్తుపట్టి, మంచం దించకుండానే తల వంచి దండం పెట్టాడు. ఆమె చెయ్యి మంచం పట్టె పట్టుకున్న ఆయన చేతి మీద ఉంది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. ఇంటికొచ్చి పిలుపు దీపం చూసి కూర్చుని ఏడ్చాను.

అక్క అడగడం లేదు. ఇప్పుడు అడిగితే చాలు, వెంటనే తలుపు తెరుచుకుంటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఒక్క దారీ లేదు. చెబితే రూలు తప్పినట్టు, బయటపడితే ఆ తర్వాత ఆమె అడిగినా చెల్లదు.

అన్నం కూడా సగం డబ్బాలోనే వెనక్కి వస్తోందని ఓదెలన్న చెప్పాడు.

నమోదు 10

మా అక్క దేనికీ వంక పెట్టదన్నాను కదా. ఒక్కటి మాత్రం వేరేవాళ్ళను చేయనిచ్చేది కాదు, పచ్చిపులుసు. దానికి ఎండుమిరపకాయలు కాల్చాలి. బాయిలో నిప్పు పెట్టకూడదు, బొగ్గు గ్యాసు అంటుకుంటుంది, వంటంతా ఆవిరి మీదే. అందుకని అక్క తన మంచి రోజుల్లో మిరపకాయలు కొంగున కట్టుకుని లిఫ్టులో పైకి పోయేది. పైన లిఫ్టు గది ఇనుపరేకు ఎండకు పెనంలా కాలుతుంది. దాని మీద పరిచి, కమురు వాసన రాగానే ఏరుకుని దిగేది. ఉల్లిగడ్డతో కలిపి చేత్తో నలిపి చింతపులుసులో కలిపేది. ఈ గల్లీలో ఆ వాసన మా ఇంట్లోనే ఉండేది.

మాట లోపలికి పోదు, అన్నం పోతుంది. ఆ వాసన తగిలితే నేనున్నానని అక్కకు తెలుస్తుంది. తెలిస్తే మళ్ళీ అడుగుతుంది. ఓదెలన్నను అడిగాను. ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"పట్టుకుంటె నా కొలువు పోతది చెల్లె."

"తెలుసన్నా."

"పోతె పోనీ. ఇన్నొద్దులు అన్నంల ఉప్పు తక్కువైంది, పులుపు ఎక్కువైంది అనుకుంట కూసున్న. తీసుకరా."

పైకి పోయాను. కళ్ళు తెరవనీయని ఎండ. రేకు మీద మిరపకాయలు పరవడం, అవి నల్లబడడం, నా వేళ్ళు బొబ్బలెక్కడం అన్నీ ఒక్కసారే జరిగాయి. అక్క చేతిని తలుచుకుంటూ నలిపాను. ఎక్కడ ఎంత వేసేదో అంతే వేశాను. ఓదెలన్న డబ్బాలో పోసి గొట్టంలో వదిలాడు.

ఇంటికి పోయి దీపం ఎదురుగా కూర్చున్నాను.

నమోదు 11

దీపం వెలగలేదు. ఓదెలన్న వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"అభిప్రాయం వచ్చింది చెల్లె. ఈసారి మాట్లాడింది."

వంటగదికి పోయి విన్నాను. మగతలో వార్డు అలవాటు నోటికొచ్చి 'అన్నం సంగతి చెప్పు' అని తనే పేరు పలికి, నేను పక్కనే ఉన్నాననుకుని మా అక్క ఊపిరి కూడదీసుకుంటూ చెప్పిన మాటలు ఇవి. మార్చకుండా రాస్తున్నాను.

"కనకం. పచ్చిపులుసు మంచిగ కుదిరింది. ఉల్లిగడ్డ జర పెద్దగ కోసినవ్, ఏం గాదు. నన్ను ఎప్పుడు తీసుకొచ్చినవే, నాకు సోయి లేదు. రావనుకున్న. గోడ గూడ మాట్లాడుడు బంద్ చేసె, ఇంక రావనుకున్న. మన ఇంట్లకొచ్చిన, ఇగ నాకేం గావాలె. నువ్వు గూడ తిని పండుకో."

డబ్బా ఖాళీగా వెనక్కి వచ్చింది. తుడుచుకుని తిన్నట్టుంది.

రికార్డు తీసుకుని ప్రభుదాస్ సార్ దగ్గరికి పోయాను. రూలు తప్పానని దాచకుండా చెప్పాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు, రికార్డు మళ్ళీ మళ్ళీ విన్నాడు.

"ఇంటికొచ్చిన అంటుంది తల్లీ. ఇంటికి పోత అంటలేదు. తలుపు ఎట్ల తెరవాలె నేను?"

యాకూబ్ మెల్లగా ఒక మాట అన్నాడు. "రేపు పులుసు పంపకుండ్రి అక్కా. మామూలు వార్డు అన్నమే పంపుండ్రి. ఇది ఇల్లు గాదని అక్కకు ఎరుకైతది. మల్ల అడుగుతది. అడిగితె పిలుపు వస్తది, తెచ్చుకుందము."

తప్పు మాట కాదు. అలా చేస్తే అక్క నా ఇంటికి వస్తుంది. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకోవచ్చు, చెంప నిమరొచ్చు, జరిగిందంతా చెప్పి కాళ్ళు పట్టుకోవచ్చు. నాకు అది కావాలి. ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు, అదొక్కటి కావాలి.

నమోదు 12

ఓదెలన్న వంటగదిలో డబ్బాలు నింపకముందే పోయాను. ఆయన నా కోసమే చూస్తున్నాడు. వార్డు అన్నం ఒక గిన్నెలో ఉంది, ఖాళీ డబ్బా ఒకటి పక్కన ఉంది.

"ఏది పంపుదాం చెల్లె?"

నేను అద్దం దగ్గరి నుంచే వచ్చాను. అక్క దుప్పటి మొహం మీద లేదు. వెల్లకిలా పడుకుని ఉంది. గోడవైపు తిరగలేదు, తలుపువైపు చెవి పెట్టలేదు. చాలా రోజుల తర్వాత మెడ దిండు మీద పెట్టి పడుకుంది. మంచం పక్కన, ఇంట్లో నేను పడుకునే వైపు, ఒక చెయ్యి కిందికి వేలాడేసి ఉంది. చిన్నప్పటి నుంచీ అంతే, నేనున్నానో లేదో నిద్రలో తడుముకోవడానికి. ఆ చెయ్యి దొరకని దాన్ని వెతుకుతున్నట్టు కూడా లేదు, ఊరికే ఉంది.

ఈ మనిషిని లేపి, ఇది నీ ఇల్లు కాదు, నిన్నెవరూ తేలేదు, మళ్ళీ మొదటి నుంచి అడుగు అని నేను చెప్పాలి. అడగడానికి ఆమె దగ్గర ఊపిరి ఉందో లేదో కూడా తెలియదు. ఉన్నా, గోడను ఇంకొకసారి నమ్ముతుందో లేదో తెలియదు.

"పులుసే" అన్నాను. "ఉన్నన్ని రోజులు పులుసే పంపుదామన్నా. ఉల్లిగడ్డ సన్నగ కోస్త."

ఓదెలన్న డబ్బా కడగడానికి అటు తిరిగాడు, చాలాసేపు కడిగాడు.

నక్షలో వార్డు పేర్లన్నీ ఇవాళ చూశాను. అన్నీ వాటి వాటి చోట్లకే పోతున్నాయి. పద్నాలుగో మంచం నుంచి 'ఇంటికి తోల్కపోండ్రి' అని ఎవరూ పలకలేదు. ఇంటికి పోయి పిలుపు దీపానికి గుడ్డ కట్టాను. తర్వాత మిరపకాయలు కొంగున కట్టుకుని లిఫ్టు దగ్గర వరసలో నిలబడ్డాను.